తూటా తగిలినా పడిపోని మనిషి విషయమై ప్రభుత్వం తీసుకున్న చర్యలు

ప్రభుత్వాలకు ఎదురయ్యే చిక్కులు చాలావాటికి పరిష్కారాలు ముందే రాసిపెట్టి ఉంటాయి. పన్ను కట్టనివాడికి నోటీసు, నోటీసు అందుకోనివాడికి జప్తు, జప్తుకు అడ్డుపడినవాడికి జైలు, జైలు నుంచి పారిపోతున్నవాడికి తూటా. వ్యవహారం అక్కడితో ముగిసిపోతుందన్న నమ్మకం మీదనే పరిపాలనా శాస్త్రమంతా నిలబడి ఉంది. తూటా తగిలిన తరువాత కూడా మనిషి పడిపోకుండా ముందుకే వస్తే ఏం చేయాలన్నది ఏ నిబంధనావళిలోనూ కనిపించదు. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో అమెరికా యుద్ధ శాఖకు సరిగ్గా ఈ చిక్కే వచ్చిపడింది. దానికి ఆ శాఖ ఎంతో ఓపికతో, అనేక బోర్డులు వేసి, పశువులనూ శవాలనూ కూడా సంప్రదించి సాధించిన సమాధానం పేరు ఎం1911 పిస్టల్. ఆయుధ చరిత్రకారులు దాని ఘనతంతా జాన్ మోజెస్ బ్రౌనింగ్ అనే మేధావి ఖాతాలో జమ చేస్తూ వస్తున్నారు. ఇది అన్యాయం. బ్రౌనింగ్ తయారుచేసింది పిస్టల్‌ను మాత్రమే. ఆ పిస్టల్‌కు అవసరాన్ని తయారుచేసింది ప్రభుత్వం, రెండింటిలో కష్టమైన పని అదే.

ఆ అవసరం ఎలా తయారైందో చూద్దాం. 1898 డిసెంబరులో పారిస్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం స్పెయిన్‌కు 2 కోట్ల డాలర్లు చెల్లించి అమెరికా ఫిలిప్పీన్స్ దీవులను స్వాధీనం చేసుకుంది. అమ్మినవారికీ కొన్నవారికీ మధ్య దస్తావేజులన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఇంట్లో కాపురం ఉంటున్నవారిని ఒక మాట అడగాలన్న సంగతి మాత్రం ఇరుపక్షాల ప్లీడర్లకూ తట్టలేదు. కాపురం ఉన్నవారు ఖాళీ చేయలేదు సరికదా, ఇల్లే తమదని వాదనకు దిగారు. 1899 ఫిబ్రవరిలో మొదలైన ఆ వాదన 1902లో ముగిసిందని వాషింగ్టన్ ప్రకటించింది గాని, దక్షిణాన మిందనావ్, హోలో దీవులలోని మోరోలనే ముస్లిం తెగలకు ఆ ప్రకటన అందినట్లు లేదు. మూడు వందల ఏళ్లకు పైగా స్పెయిన్‌కే లొంగని మోరోలు, స్పెయిన్ అమ్మిన ఆస్తిలో తామూ భాగమని ఒప్పుకోవడానికి నిరాకరించారు. పొడవాటి కత్తులు చేతపట్టి, ప్రాణాల మీద ఆశ వదులుకుని, దట్టమైన పొదల్లోంచి పది అడుగుల దూరంలో ప్రత్యక్షమయ్యే ఆ మనుషుల ఎదుట అమెరికన్ అధికారి నడుము నుంచి తీసే ఆయుధం కోల్ట్ కంపెనీ చేసిన .38 రివాల్వర్. ఈ అంకె తూటా వ్యాసం అంగుళంలో ఎంత భాగమో చెబుతుంది; అంకె పెరిగితే తూటా లావు.

ఈ .38కి ఒక చరిత్ర ఉంది. అమెరికా సైన్యం 1873 నుంచీ .45 రివాల్వర్ వాడేది. అది బరువైన తూటా. చేతిని బలంగా తన్నేది గాని, తగిలినవాడిని అంతకంటే బలంగా తన్నేది. 1892లో సంస్కరణాభిలాషులు దాన్ని పాతకాలపు మోటు సరుకుగా నిర్ణయించి, తేలికగా ఉండే, ట్రిగ్గర్ నొక్కితే చాలు దానంతట అదే హ్యామర్ (తూటాను పేల్చే చిన్న సుత్తి) లేచి పడే, చూడటానికి నాజూకైన .38ని ప్రవేశపెట్టారు. ఆధునికీకరణ అంటే పాతదాన్ని తీసివేయడమేనన్న సూత్రానికి ఇంతకంటే శుద్ధమైన ఉదాహరణ దొరకదు. ఫిలిప్పీన్స్ నుంచి ఫిర్యాదులు రావడం మొదలుకాగానే సైన్యం మూలన పడేసిన 1873 నాటి .45లను గోదాముల్లోంచి దులిపి తీసి, ఏడున్నర అంగుళాల గొట్టాలను అయిదున్నర అంగుళాలకు కోయించి, ఓడలకెక్కించి పంపింది. ఆ మోటు సరుకు అక్కడ పనిచేసింది. పనిచేసింది గనుక విషయం అక్కడితో ముగిసిందని అనుకునేవారికి ప్రభుత్వ వ్యవహారాల గురించి ఏమీ తెలియదని అర్థం. ఒక వస్తువు పనిచేయడం వేరు, అది ఎందుకు పనిచేస్తున్నదో నిరూపితం కావడం వేరు. రెండోదానికి బోర్డు కావాలి.

బోర్డు వైపు వెళ్లేముందు మన బెంగాల్ మీదుగా ఒక చిన్న ప్రదక్షిణ తప్పదు, ఎందుకంటే పడిపోని మనిషి సమస్యను మొదట గుర్తించినవారు అమెరికన్లు కారు. 1895లో వాయవ్య సరిహద్దులోని చిత్రాల్ మీదికి దండెత్తిన బ్రిటిష్ ఇండియా సైన్యం, తన కొత్త .303 తూటా సరిహద్దు తెగల మనుషుల ఒంట్లోంచి శుభ్రంగా అవతలికి దూసుకుపోతున్నదే తప్ప వారిని ఆపడం లేదని వాపోయింది. కలకత్తా శివార్లలో, ఇవాళ విమానాశ్రయం ఉన్న దమ్‌దమ్‌లోని ఆయుధాగారంలో కెప్టెన్ బెర్టీ-క్లే దానికి విరుగుడు కనిపెట్టాడు: తూటా మొన మీది లోహపు తొడుగును కొద్దిగా తీసేస్తే, మెత్తని సీసం ఒంట్లోకి వెళ్లాక పూవులా విచ్చుకుంటుంది. 1899లో హేగ్ నగరంలో సమావేశమైన నాగరిక దేశాలు ఈ పువ్వును చూసి బాధపడి, ఇలాంటి తూటాలను తమలో తాము చేసుకునే యుద్ధాలలో వాడరాదని తీర్మానించాయి. బ్రిటన్ ప్రతినిధి సర్ జాన్ అర్డా అక్కడ ఇచ్చిన వివరణ చిరస్మరణీయమైనది. నాగరికుడైన సైనికుడు గాయపడితే వెనక్కు తగ్గి వైద్య శిబిరానికి వెళతాడట. అనాగరికుడు మాత్రం రెండు మూడు తూటాలు తగిలినా ముందుకే వస్తూ, తాను హేగ్ సమావేశ నిర్ణయాలను ఘోరంగా ఉల్లంఘిస్తున్నానని ఎవరైనా అతనికి నచ్చజెప్పేలోగానే తల నరికేస్తాడట. ఇది ఎగతాళి కోసం నేను కల్పించిన మాట కాదు. సభా కార్యక్రమాలలో నమోదైన వాదం. ఆయన పక్కనే నిలబడి ఆ నిషేధం కూడదని వాదించిన అమెరికన్ ప్రతినిధి పేరు కెప్టెన్ విలియం క్రోజియర్. వాదన ఓడిపోయింది గాని వాదించినవాడు ఓడిపోలేదు. 1901లో క్రోజియర్ అమెరికా సైన్యపు ఆయుధ శాఖకు అధిపతి అయ్యాడు. ఒంట్లోకి వెళ్లాక విచ్చుకునే తూటా మర్యాద కాదని నాగరికులు అంటున్నప్పుడు, బయలుదేరేటప్పుడే లావుగా ఉండే తూటా మీద ఎవరికీ అభ్యంతరం ఉండనక్కరలేదు కదా. ఆయన అలా ఆలోచించాడని నేననను; జరిగినది మాత్రం అదే.

1904లో ఆయుధ శాఖ తరఫున కెప్టెన్ జాన్ థాంప్సన్, వైద్య శాఖ తరఫున మేజర్ లూయీ లగార్డ్ కలిసి ఎంత తూటా అయితే మనిషి పడతాడో తేల్చడానికి పూనుకున్నారు. పడకుండా చిక్కు తెచ్చినవారు పసిఫిక్ సముద్రానికి అవతల ఉన్నారు. పరిశోధన జరిగింది చికాగోలో, యూనియన్ స్టాక్ యార్డ్స్ అనే కబేళాల సముదాయంలో. అత్త మీది కోపం దుత్త మీద చూపడం మనకు తెలుసు. మోరోల మీది కోపాన్ని చికాగో ఎద్దుల మీద చూపడం మాత్రం శాస్త్రం అనిపించుకుంటుంది, ఎందుకంటే పక్కనే గడియారం పట్టుకుని ఒకరు నిలబడి ఉంటారు. మొదట ఒక్కొక్క పశువు ఊపిరితిత్తుల్లోకి ఒకటి రెండు తూటాలు పేల్చి, అది ఎంతసేపటికి కూలుతుందో లెక్కగట్టారు. కొన్ని కూలలేదు, వాటిని కబేళా పద్ధతిలోనే సుత్తితో కొట్టి ముగించవలసి వచ్చింది. మరునాడు పద్ధతి మార్చి, పశువు పడేదాకా గాని, పది తూటాలు పూర్తయ్యేదాకా గాని వేగంగా కాల్చి చూశారు. జర్మన్ల 7.65, 9 మిల్లీమీటర్ల తూటాల దగ్గర నుంచి, .38 మీదుగా, ఇంగ్లండ్ వారి .455, .476 తూటాల దాకా అన్నింటికీ అవకాశం ఇచ్చారు. వివక్ష లేదు.

పశువుల వాంగ్మూలం ఏకగ్రీవంగా లేదని చెప్పక తప్పదు. ఫలితాలు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయనీ, పరీక్షించిన పశువుల సంఖ్య ఏ నిర్ణయానికీ చాలనంత తక్కువనీ తరువాతి కాలపు నిపుణులు పదేపదే ఎత్తిచూపారు. బోర్డు ఇలాంటి ఆక్షేపణలను ముందే ఊహించిందో ఏమో, పశువులతో పాటు మానవ శవాలను కూడా విచారణకు పిలిచింది. శవాలను వేలాడదీసి, దగ్గర నుంచీ దూరం నుంచీ కాల్చి, తూటా తగిలినప్పుడు అవి ఎంత ఊగాయో చూసి, ఆ ఊపును బట్టి తాకిడి బలాన్ని అంచనా కట్టారు. అంటే, బతికి ఉండి పరుగెత్తుకు వస్తున్న మనిషిని ఆపగల శక్తి ఎంతో, చనిపోయి కదలలేని మనిషి ఎంత కదిలాడన్నదాన్ని బట్టి నిర్ణయించారు. ఇందులో నవ్వవలసింది ఏమీ లేదు. ప్రజాభిప్రాయ సేకరణ చేసిన అనుభవం ఉన్న ఏ అధికారిని అడిగినా, ఎదురు మాట్లాడని సాక్షులే ఎల్లప్పుడూ శ్రేష్ఠులని చెబుతాడు.

ఇంత శ్రమ తరువాత నివేదిక వచ్చింది. సైనిక పిస్టల్ తూటా .45 కంటే తక్కువ ఉండరాదని అందులో తేల్చారు. పాఠకులు దయచేసి నాలుగు పేరాలు వెనక్కు వెళ్లనక్కరలేదు. నేనే గుర్తుచేస్తాను: 1892లో పాతకాలపుదని తీసేసింది .45నే. కొండను తవ్వి ఎలుకను పట్టారని గిట్టనివారు అనవచ్చు గాని, తవ్వకముందు అది వట్టి ఎలుక, తవ్విన తరువాత అది శాస్త్రీయంగా ధ్రువీకరించబడిన ఎలుక. పన్నెండేళ్ల దూరాన్ని ప్రభుత్వం గుండ్రంగా ప్రయాణించింది, అంతే. అదే నివేదికలో మరో మాట కూడా ఉంది. మనిషి ఒంట్లో తూటా తగలగానే కూల్చగల చోట్లు బహు కొద్ది గనుక, పిస్టల్ ధరించే సైనికులకు గురి చూసి కాల్చడంలో ఎడతెగని శిక్షణ ఇవ్వాలని లగార్డ్, థాంప్సన్ ఇద్దరూ చేసిన సిఫారసు అది. ఆ సిఫారసుకు టెండరు పిలవడానికి వీలులేదు. గుత్తేదారు ఉండడు, నమూనా ఉండదు, ప్రారంభోత్సవం ఉండదు. సహజంగానే అది నివేదికలోనే విశ్రాంతి తీసుకున్నది. .45 అన్న అంకె మాత్రం చిరంజీవి అయింది.

ఇక్కడ ఒక తేదీల ముచ్చట ఉంది. .38 అసమర్థతకు నిదర్శనంగా ఆయుధ ప్రియులు తరచూ ఉదహరించే ఘటన ఒకటుంది. ఒక ఖైదీ తప్పించుకోబోతే దగ్గర నుంచే నాలుగు సార్లు .38తో కాల్చారు, అప్పటికీ అతను పెనుగులాడుతుండగా, చివరికి ఒకరు స్ప్రింగ్‌ఫీల్డ్ కార్బైన్ అనే పొట్టి రైఫిల్‌ను తిరగేసి దాని మడమతో నుదుటి మీద కొట్టి స్పృహ తప్పించారు. లగార్డే తన వైద్య గ్రంథంలో దీన్ని నమోదు చేశాడు. ఇది జరిగింది 1905 అక్టోబరులో, సమార్ దీవిలో. పరీక్ష 1904లో, నిదర్శనం 1905లో: ముందు తీర్పు చెప్పి తరువాత సాక్ష్యం సేకరించే పద్ధతి మన వైపు మాత్రమే ఉందనుకునేవారికి ఇది కొంత ఊరట. పైగా సమార్ మోరోల దీవి కానే కాదు. మోరోల ఊళ్లు దానికి చాలా దక్షిణాన ఉన్నాయి. అయినా మోరోను ఆపడానికే .45 పుట్టిందన్న కథ నూరేళ్లుగా చెక్కుచెదరలేదు. ఆ రోజు నిస్సందేహంగా నిరూపితమైనది కార్బైన్ మడమ సామర్థ్యం ఒక్కటే. దాన్ని ప్రామాణిక ఆయుధంగా స్వీకరించాలని ఎవరూ ప్రతిపాదించకపోవడం నాకు ఆశ్చర్యమే.

ఇప్పుడు బ్రౌనింగ్ దగ్గరకు రావచ్చు. యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్‌లో 1855లో, తుపాకులు చేసే కుటుంబంలో పుట్టిన ఈయన బోర్డులు వేయలేదు. ఒకసారి తుపాకీ పేలినప్పుడు గొట్టం మూతి నుంచి వెలువడిన వాయువుల ధాటికి ఎదురుగా ఉన్న గడ్డి వంగిపోవడం చూసి, ఇంత బలం ఊరికే పోతున్నదే అని ఆలోచనలో పడ్డాడని చెబుతారు. ఆ ఆలోచన ఆయనను తమంతట తామే తూటా నింపుకునే తుపాకుల వైపు నడిపింది. 1900 నాటికి ఆయన రూపొందించిన .38 పిస్టల్‌ను కోల్ట్ కంపెనీ తయారుచేస్తున్నది. .45 కావాలన్న గాలి వీచగానే ఆయన అందుకు తగిన కొత్త తూటానూ, దాన్ని కాల్చే పిస్టల్‌నూ 1905 కల్లా సిద్ధం చేసి పెట్టాడు. సుమారు 15 గ్రాముల బరువున్న ఆ లావుపాటి తూటా సెకనుకు 250 మీటర్ల వేగంతో, అంటే ధ్వని కంటే నెమ్మదిగా, పెద్దమనిషి తరహాలో వెళుతుంది.

ఆ యంత్రం పనితనం గురించి వ్యంగ్యంగా రాయడం నాకు చేతకాలేదు. పేలిన క్షణంలో గొట్టం, దానిమీద ఉన్న స్లైడు, రెండూ ఒకదానితో ఒకటి బిగుసుకుని ఉంటాయి. గొట్టం వీపున ఉన్న గట్లు స్లైడు లోపలి గాడులలో కూర్చుని ఉంటాయి. రెండూ కలిసి కొద్ది దూరం వెనక్కు జరుగుతాయి. తూటా గొట్టం దాటిపోయి, లోపలి ఒత్తిడి తగ్గేసరికి, గొట్టం అడుగున ఉన్న చిన్న లంకె ఊయలలా తిరిగి గొట్టం వెనుక భాగాన్ని కిందికి లాగుతుంది, గట్లు గాడుల నుంచి విడిపోతాయి, గొట్టం ఆగిపోతుంది. స్లైడు ఒంటరిగా వెనక్కు సాగిపోతూ ఖాళీ తొడుగును లాగి బయటికి విసిరి, హ్యామర్‌ను వెనక్కు వంచి, స్ప్రింగు తోయగా ముందుకు వస్తూ పిడిలోని మ్యాగజైన్ నుంచి మరో తూటాను గొట్టంలోకి నెట్టుకుపోయి, మళ్లీ గొట్టంతో బిగుసుకుంటుంది. మొదటి నమూనాలో ముందొకటి వెనకొకటిగా రెండు లంకెలు ఉండేవి. చివరికి బ్రౌనింగ్ ముందుదాన్ని తీసేసి ఒక్కదానితో సరిపెట్టాడు. ఒక వస్తువును మెరుగుపరచడానికి దానిలోంచి ఏదైనా తీసేయడం అన్నది ప్రభుత్వ వ్యవస్థలో ఊహించడానికి వీలులేని పద్ధతి గనుక, ఆయన ప్రైవేటు వ్యక్తి అని వేరే చెప్పనక్కరలేదు.

ప్రభుత్వం తన వంతుగా 1907లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో పోటీ పరీక్షలు పెట్టింది. అంతకుముందు 1901లోనే అది జర్మనీ నుంచి వెయ్యి లూగర్ పిస్టళ్లను కొని దళాలకు పంచి చూసిందన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగినది. ఆ లూగర్లు 7.65 మిల్లీమీటర్లవి. .38కే పడని శత్రువు మీదికి అంతకంటే సన్నని తూటాను ప్రయోగించి చూడాలన్న నిర్ణయంలోని తర్కాన్ని ఎవరైనా వివరిస్తే సంతోషిస్తాను. 1907 పోటీకి ఆ పిస్టల్ రూపకర్త లూగర్ .45లో ప్రత్యేకంగా కొన్ని పిస్టళ్లు చేయించి తెచ్చాడు. కోల్ట్ వచ్చింది, న్యూయార్క్ రాష్ట్రం నుంచి సావేజ్ వచ్చింది, బెర్గ్‌మన్, నోబుల్, వైట్-మెరిల్ అనేవి వచ్చి వచ్చినట్లే వెళ్లిపోయాయి. కోల్ట్‌నూ సావేజ్‌నూ మెచ్చిన బోర్డు, దళాలలో వాడి చూడటానికి చెరి 200 పిస్టళ్లు ఇమ్మంది. లూగర్ పిస్టల్ తయారీదారులు కూడా 200 సరఫరా చేసే అవకాశం వచ్చినా 1908లో వద్దనుకున్నారు. ఆ ఏడాదే జర్మన్ సైన్యం వారి పిస్టల్‌ను స్వీకరించింది, అమెరికన్ బోర్డు చుట్టూ తిరిగే అవసరం వారికి తీరిపోయింది. మిగిలిపోయిన ఆ .45 లూగర్లలో ఒకటి 2010లో వేలంలో దాదాపు 5 లక్షల డాలర్లకు పోయింది. ఈ కథలో అందరికంటే లాభదాయకంగా నిలిచిన సరుకు, ప్రభుత్వం కొననిదే.

దళాలు వాడి చూడటం అంటే ముఖ్యంగా అశ్వికదళం వాడి చూడటం. ఈ దళం అభిప్రాయానికి ఆ రోజుల్లో ఎదురులేదు. గుర్రం మీద కూర్చున్నవాడికి ఒక చెయ్యి కళ్లేనికే పోతుంది గనుక ప్రతిదీ రెండో చేత్తో, ఆ ఒక్క చేత్తోనే అయిపోవాలని వారు పట్టుబట్టారు. పిడి వెనుక ఒక సేఫ్టీ పెట్టించారు: చేతిలో గట్టిగా పట్టుకుంటే తప్ప పేలదు. అది చాలదన్నారు. గుర్రం బెదిరి గెంతుతున్నప్పుడు, పేలడానికి సిద్ధంగా ఉన్న పిస్టల్‌ను ఒంటి చేత్తో భద్రం చేసి ఒరలో దోపుకోవడం ఎలాగని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబుగా 1910 చివర్లో బొటనవేలికి అందేలా ఎడమ వైపున మరో చిన్న మీట చేరింది. పైకి నెడితే పిస్టల్ మొత్తం తాళం పడుతుంది. కిందికి నొక్కితే కాల్చవచ్చు. కింద తాడు కట్టుకోవడానికి కడియం కూడా పెట్టారు, చేయి జారినా గుర్రం కాళ్ల కింద పడకుండా. ఇలా ప్రపంచంలోకెల్లా గుర్రపు రౌతుకు అనువైన పిస్టల్ 1911 నాటికి తయారైంది. మరో ఆరేళ్లలో దాన్ని నడుముకు కట్టుకున్న సైన్యం ఫ్రాన్స్ కందకాలలోకి, నడుము లోతు బురదలోకి దిగింది.

తుది పరీక్ష 1911 మార్చిలో జరిగింది. ఒక్కొక్క పిస్టల్ నుంచి 6,000 తూటాలు కాల్చారు. వందేసి కాల్చి కొద్దిసేపు చల్లారనిచ్చేవారు, వెయ్యేసి కాల్చాక శుభ్రం చేసి నూనె పెట్టేవారు. మరీ వేడెక్కితే నీళ్లలో ముంచి తీసేవారు. దుమ్ము పోసి చూశారు, తుప్పు పట్టించి చూశారు, వంకర తూటాలు పెట్టి చూశారు. సావేజ్ పిస్టల్ 37 సార్లు మొరాయించింది. కోల్ట్ పిస్టల్ ఒక్కసారి కూడా మొరాయించలేదు. మార్చి 29న దాన్ని సైన్యం అధికారికంగా స్వీకరించింది. నిజానికి ఈ మొత్తం ఉదంతంలో బోర్డు చేసిన నికార్సయిన పని ఇదొక్కటే, దానికి చప్పట్లు కొట్టడానికి నాకు అభ్యంతరం లేదు: వస్తువును కొనేముందు వాడి చూశారు. మన వైపు ఎందరో కొనుగోలు అధికారులకు ఇది విపరీతమైన ఆలోచనగా తోచవచ్చు.

బోర్డులు కూర్చుని లేచి, లేచి కూర్చుంటున్న ఆ ఏడేళ్లలో పడిపోని మనిషి సంగతి ఏమైందన్న సందేహం కొందరికి కలగవచ్చు. 1906 మార్చిలో హోలో దీవిలో, అమెరికన్లు విధించిన తలపన్ను కట్టబోమని వందలాది మోరోలు ఆడవారితో, పిల్లలతో సహా బుద్ దాజో అనే ఆరిపోయిన అగ్నిపర్వతం బిలంలోకి ఎక్కి కూర్చున్నారు. జనరల్ లియొనార్డ్ వుడ్ ఆధ్వర్యంలోని దళాలు కొండ అంచు మీదికి ఫిరంగులనూ మెషిన్‌గన్లనూ ఎక్కించి కిందికి కాల్చాయి. చనిపోయినవారు ఆరు వందలనీ, తొమ్మిది వందలనీ, వెయ్యి అనీ లెక్కలు ఉన్నాయి. బతికి బయటపడినవారు వేళ్ల మీద లెక్కించదగినంత మంది. చనిపోయిన అమెరికన్ల సంఖ్య పాతిక లోపే. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ తంతి పంపి, అమెరికన్ పతాక గౌరవాన్ని నిలబెట్టిన అద్భుత విజయమని అభినందించాడు. అక్కడ తూటా వ్యాసం గురించి ఎవరికీ ఏ ఫిర్యాదూ రాలేదు. అందువల్ల ఆ ఘటన పిస్టళ్ల అభివృద్ధి చరిత్రలోకి రాదనీ, నేను దారి తప్పాననీ విమర్శించేవారు ఉంటే, వారు బోర్డు సభ్యులుగా రాణిస్తారు. ఎద్దుల మీదా శవాల మీదా, దుమ్ములోనూ నీళ్లలోనూ అన్ని పరీక్షలూ చేసినవారు, ఆ మనిషి తూటా తగిలినా ఎందుకు ముందుకే వస్తున్నాడన్న ప్రశ్నను మాత్రం అతన్నే అడగవచ్చునన్న ఆలోచన చేయలేదు. అది ఆయుధ శాఖ పరిధిలోకి రాదు గనుక వారిని తప్పుపట్టలేం. ఏ శాఖ పరిధిలోకి వస్తుందో విచారించగా, ఏ శాఖ పరిధిలోకీ రాదని తెలుస్తున్నది.

తరువాతి చరిత్ర త్వరగా చెప్పుకోవచ్చు. 1914 జూన్‌లో సరయేవోలో ఒక కుర్రవాడు, బ్రౌనింగే రూపొందించిన వేరొక చిన్న పిస్టల్‌తో, చికాగో ఎద్దులు నవ్విపోయేటంత బలహీనమైన .380 తూటాలు రెండు పేల్చాడు. ఒకటి ఆస్ట్రియా యువరాజుకూ, ఒకటి ఆయన భార్యకూ తగిలి ఇద్దరూ మరణించారు, నాలుగు సామ్రాజ్యాలు కూలాయి. తూటా ఆపగల శక్తి గురించిన పట్టికలలో ఈ ఫలితాన్ని ఎందుకు చేర్చరో తెలియదు. దాంతో రేగిన మొదటి ప్రపంచ యుద్ధంలోకి 1917లో అమెరికా దిగినప్పుడు, అన్నేళ్లు పరీక్షించి ఎంచుకున్న పిస్టళ్లు చాలినన్ని లేవని తేలింది. అప్పుడు ఏం చేశారు? రివాల్వర్లు చేయించారు. కొత్త .45 తూటాలకు అంచు లేనందువల్ల, మూడేసి తూటాలను పట్టి ఉంచే అర్ధచంద్రాకారపు రేకు ముక్కలను కనిపెట్టి, దాదాపు 3 లక్షల రివాల్వర్లను సైన్యానికి అందించారు. 1892 నాటి సంస్కరణాభిలాషులు అప్పటికి పింఛను తీసుకుంటూ ఉండి ఉంటే, ఈ ప్రగతిని చూసి గర్వించి ఉంటారు.

ఎద్దుల పరీక్ష చేసిన థాంప్సన్ ఊరుకోలేదు. ఆయన సైన్యం నుంచి బయటికి వచ్చి, అదే .45 తూటాను నిమిషానికి వందల చొప్పున కాల్చే చేతి తుపాకీని 1921 కల్లా మార్కెట్‌లోకి తెచ్చాడు. సైన్యం పెద్దగా కొనలేదు. మద్యనిషేధం నాటి దొంగసారా వ్యాపారులు కొన్నారు. 1929 ఫిబ్రవరిలో ప్రేమికుల రోజున చికాగోలోని ఒక గ్యారేజీలో ఏడుగురిని గోడకు నిలబెట్టి ఆ తుపాకులతోనే కాల్చి చంపారు. 1904లో ఆయన అదే నగరంలో మొదలుపెట్టిన పరిశోధనకు ఇది అనుబంధమనడానికి నాకు సంకోచం లేదు. ఈసారి బోర్డు లేదు, గడియారం లేదు, ఫలితాలలో పొంతన లేకపోవడమన్న సమస్యా రాలేదు.

బ్రౌనింగ్ 1926లో బెల్జియంలోని లీయెజ్‌లో, పనిచేస్తున్న చోటనే కన్నుమూశాడు. అప్పటికే ఆయన 9 మిల్లీమీటర్ల కొత్త పిస్టల్ మీద చేయి వేశాడు. ఆయన పోయాక దాన్ని అక్కడి కంపెనీలో డ్యూడొనె సేవ్ పూర్తిచేశాడు. ఆ పిస్టల్ వంశానికి చెందినదే మన బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారై మన సైన్యం, పోలీసుల నడుములకు చేరిన 9 మిల్లీమీటర్ల ఆటో పిస్టల్ 1ఏ. 9 మిల్లీమీటర్లతో కుదరదని మనవారెవరూ ఎద్దులను కాల్చి చూసినట్లు లేదు. బహుశా మన దగ్గర ఎద్దుల విషయంలో వేరే రకం ప్రతిఘటన ఎదురయ్యేది.

అమెరికా సైన్యం ఎం1911ను 74 ఏళ్లు వాడింది. 27 లక్షల దాకా పిస్టళ్లు చేయించింది. 1970ల చివర్లో మళ్లీ బోర్డులు కూర్చున్నాయి, మళ్లీ బురదలో ముంచారు, మళ్లీ దుమ్ము పోశారు, ఓడిన కంపెనీలు కోర్టులకెక్కాయి, అమెరికా చట్టసభ కాంగ్రెస్ విచారణలు జరిపింది. చివరికి 1985లో తేలినది ఏమిటంటే, .45 పిస్టల్ బరువనీ, చేతిని మరీ బలంగా తన్నుతుందనీ, మిత్రదేశాలన్నీ వాడుతున్న తేలికపాటి తూటాయే ఆధునికమనీ. ఇటలీ నుంచి బెరెట్టా వచ్చింది. దాని తూటా 9 మిల్లీమీటర్లు. ఇరాక్ నుంచీ అఫ్గానిస్తాన్ నుంచీ సైనికులు ఫిర్యాదు చేయసాగారు: తూటా తగిలినా మనిషి పడిపోవడం లేదట. 2012లో నౌకాదళపు మెరైన్లు తమ ప్రత్యేక దళాల కోసం కోల్ట్ దగ్గర కొత్తగా .45లు కొన్నారు. 2017లో సైన్యం బెరెట్టాను కూడా తీసేసి సిగ్ పిస్టల్‌ను ప్రవేశపెట్టింది. దాని తూటా కూడా 9 మిల్లీమీటర్లే. సదరు విషయమై చికాగో పశువుల అభిప్రాయాన్ని ఈసారి ఎవరూ కోరలేదు. యూనియన్ స్టాక్ యార్డ్స్‌ను 1971లోనే మూసేశారు.